మావయ్య చేతులకు సరిపడే కార్డు

తపాలా బిళ్లంత మెమరీ కార్డు మీద అన్ని అంకెలు ఎందుకు అచ్చేస్తారో మేనకోడలికి అంతుపట్టలేదు. ఒక మూల ఇంగ్లీషు సి, దాని కడుపులో పది. పక్కన యు, దాని కడుపులో ఒకటి. ఆ పైన కాస్త పెద్దగా ఇంకో అంకె, మధ్యలో అన్నిటికంటే లావుగా మరొకటి.

"అక్షరాలన్నీ నెలలు నిండినట్టున్నాయి," అంది కొట్టతనితో.

కొట్టతను నవ్వలేదు. పక్కన నిలబడ్డ భర్త దగ్గాడు. బయటికొచ్చినప్పుడైనా కాస్త బుద్ధిగా ఉండు అని ఆ దగ్గుకి అర్థం. పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది ఆమె.

"ఫొటోలకా మేడమ్, వీడియోకా?"

"వీడియోకే. మా మావయ్య మాట్లాడతాడు, తీయాలి."

"మాట్లాడేదే అయితే ఫోన్ చాలుగా?"

"చేతులతో మాట్లాడతాడండీ."

కొట్టతను భర్త వంక చూశాడు. మగవాళ్ళిద్దరూ ఒకళ్ళ సానుభూతి ఒకళ్ళు ఇచ్చి పుచ్చుకున్నారు.

ఆమె ఒకరికి భార్య, ఒకరికి తల్లి, అద్దెకున్న వాళ్ళకి ఇంటావిడ. కానీ ఆ రోజు కొట్టుకి వచ్చింది మాత్రం అచ్చంగా మేనకోడలిగానే. తల్లి తమ్ముడైన మావయ్యకి పుట్టుకతోనే వినపడదు. ఆయన చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల అలాంటి పిల్లలకి బడి లేదు. ఉన్నదల్లా ఒక్క అక్క. ఆ అక్కా తమ్ముడూ కూర్చుని, ఎవరినీ అడక్కుండా, ఒక భాషని కల్పించుకున్నారు. వేళ్ళు, అరచేతులు, కనుబొమ్మలు, మోచేతులు, అన్నీ కలిస్తే ఒక మాట. తల్లి అయిన ఆ అక్క ఒడిలో కూర్చుని, నోటి మాటలతో పాటు ఆ చేతి మాటల్నీ నేర్చుకున్నది మేనకోడలు. అక్క పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడా భాష తెలిసినవాళ్ళు ప్రపంచం మొత్తానికి ఇద్దరు. అందులో ఒకరికి చేతులు పోతున్నాయి.

మొదట బొటనవేలు. మావయ్యది ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు. గీత గీస్తే వెంట్రుక వాసి తేడా రాని మనిషి చేతిలోంచి అద్దం కోసే కలం జారింది. మళ్ళీ జారింది. నరాల డాక్టరు సూదులు గుచ్చి చూసి, కండలు కరిగిపోయే జబ్బన్నాడు, చేతులతో మొదలై ఊపిరి దాకా వస్తుందన్నాడు. ఆ మాటల్ని మావయ్యకి చేతులతో చెప్పాల్సింది ఆమే. చెప్పింది. ఆయన కాసేపు తన అరచేతుల్నే చూసుకుని, 'అయితే అందరూ ఏకమై నా నోరు మూయిస్తున్నారన్నమాట' అన్నాడు. అని, ఆమె మొహం చూసి, డాక్టరు బట్టతలని గాలిలో గుండ్రంగా తుడిచి చూపించాడు. నవ్వక తప్పలేదు.

ముందు ఫోన్‌తోనే తీసింది. మావయ్య వేళ్ళ వేగానికి అది తట్టుకోలేదు. చూస్తే తిరిగే ఫ్యాను రెక్కల్లా అంతా అలికేసినట్టుంది. ఏ వేలు మడిచాడో, ఏది చాచాడో తెలియదు. ఒక వేలు తేడా వస్తే ఆ భాషలో 'వచ్చాడు' కాస్తా 'చచ్చాడు' అవుతుంది. ఇంకో చోట కాలేజీలో చదువుతున్న కూతురు ఫోన్లో దారి చెప్పింది.

"అమ్మా, బీరువా మీద నా కెమెరా ఉంది చూడు. అందులో సెకనుకి ఎక్కువ బొమ్మలు పడేలా పెట్టుకోవచ్చు. వేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. కానీ దానికి మామూలు కార్డు చాలదు. వి అని ఉండి పక్కన తొంభై ఉన్నది అడుగు. గుర్తుందా? వి, తొంభై."

"చెవుల్లో వేసుకున్నాలేవే."

అలా వేసుకునే వచ్చింది. ఎక్కువ బొమ్మల సంగతీ, వి తొంభై సంగతీ చెబితే కొట్టతను అది తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే ఇంకొకటి పెట్టాడు. అదీ అదే ఖరీదు, కానీ నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది.

"మీరు చెప్పిన క్వాలిటీలో తీస్తే ఈ వి తొంభై తొందరగా నిండిపోతుంది మేడమ్. మధ్యలో తీసి ఇంకోటి వేసుకోవాలి. ఈ పెద్దదైతే పూటంతా తీసుకోవచ్చు."

"మధ్యలో తీయాలా?"

"ఎంతలో పని? లేచి, మార్చి, కూర్చోవడమే."

అక్కడే ఆమె చిక్కుకుంది. ఆ ఇంట్లో పెరగనివాళ్ళెవరూ చిక్కుకునే చోటు కాదది. మావయ్య మాట్లాడుతుంటే చూపు తిప్పకూడదు. నోటితో మాట్లాడేవాళ్ళ ఎదుట తల తిప్పినా మాట చెవిన పడుతుంది. మావయ్య ఎదుట తల తిప్పితే ఆయన మాట గాల్లో కలిసిపోతుంది. అది ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టడమే అనేది అమ్మ. ఏడేళ్ళప్పుడు వీధిలో బుడగలవాడి వంక చూసినందుకు వీపు విమానం మోత మోగింది. ఇంటికొచ్చే ప్రతి అల్లుడికీ, ప్రతి కోడలికీ కాఫీ కంటే ముందు ఇచ్చే శిక్షణ అదే. అలాంటిది, చేతులు పోతున్న మనిషి చివరిసారి నోరు విప్పుతుంటే, ఆగు మావయ్యా, కార్డు నిండింది అని లేచి వెనక్కి తిరగడమా?

"ఈ పెద్దది స్పీడు ఉండదా మరి?"

"ఎందుకుండదు మేడమ్? రాసుంది చూడండి, ఇంత లావు అంకె."

"పెద్దదే తీసుకోవోయ్," అన్నాడు భర్త. "అదే ధరకి నాలుగింతలు వస్తుంటే ఆలోచిస్తావేంటి? చీరలప్పుడు లేని వివేకం ఇప్పుడెందుకు?"

"చీరలప్పుడు మీ సలహా అడగను కాబట్టి వివేకం అక్కర్లేదు," అని పెద్దదే తీసుకుంది.

ఇంటికొచ్చి, పేపరు మడుస్తున్న భర్త మీద పరీక్ష చేసింది. చిన్న ముక్క. కెమెరా తెర మీద చూస్తే గళ్ళచొక్కా గళ్ళతో సహా పడింది. కూతురు ఫోన్ చేసి, "నే చెప్పిందే కొన్నావా?" అంటే, "దాన్ని మించిందే కొన్నా," అంది గొప్పగా.

ఆదివారం పొద్దున్న మావయ్య పెళ్ళికొడుకులా తయారయ్యాడు. చేతులు బాగా కనిపించాలని ఆమె ముదురు రంగు చొక్కా వేసుకోమంది. ఆయన దాన్ని ఇస్త్రీ చేయించి, తలకి రంగు కూడా వేసుకున్నాడు. చెవి మీదా కొంత వేసుకున్నాడు.

'పెళ్ళిచూపులా?' అంది.

'పిల్ల చెవిటిదైతే చెప్పు, చేసుకుంటా. మిగతావాళ్ళు వాగుతూనే ఉంటారు.'

కొట్టు వెనక గదిలో, కిటికీ ఎదురుగా ఆయన్ని కూర్చోబెట్టింది. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా. దానికి భుజం ఆనేంత దగ్గరగా తన కుర్చీ వేసుకుంది, ఆయన ఆమెను చూస్తే కెమెరాను చూసినట్టుండాలని. ఎర్ర చుక్క వెలగడం చూసింది. కూర్చుంది. ఇక చూపు తిప్పలేదు.

మావయ్య పేర్లతో మొదలుపెట్టాడు. తెలిసిన ప్రతి మనిషికీ ఆయన పెట్టిన పేరుంది. గోడకి చెవి ఆనించడం పక్కింటావిడ. జడ కొస కొరకడం మేనకోడలు. పొట్ట మీదికి ప్యాంటు లాక్కోవడం ఆమె భర్త. చొక్కా చేతులు పైకి మడుచుకోవడం అక్క. తర్వాత భాష ఎలా పుట్టిందో చెప్పాడు.

చిన్నప్పుడొకసారి వాన పడుతుంటే అక్క ఉలిక్కిపడి చెవులు మూసుకుందట. ఏమైందో ఆయనకి తెలియదు. అక్క ఆయన అరచేతిని తీసుకెళ్ళి కిటికీ అద్దానికి ఆనించింది. కాసేపటికి అద్దం వణికింది. వెంటనే అక్క గుండె మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళు వణికించి, కళ్ళు పెద్దవి చేసింది. ఉరుము. అదే వాళ్ళ మొదటి మాట. 'బయట ఏదో ఉందని, అది నాకు తప్ప అందరికీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది,' అన్నాడు. 'ఏడుపొచ్చింది. కానీ తెలిసినవాళ్ళలో ఒకళ్ళు నాకు చెబుతున్నారని కూడా తెలిసింది.'

ఎడమ చెయ్యి అలిసిపోయి తొడ మీద పడింది. కుడిచేత్తో దాన్ని మళ్ళీ పైకెత్తుకున్నాడు. చాలు మావయ్యా అంటే, ఊరుకోమన్నాడు.

'ఇంకోటుంది. నీకు చెప్పనిది.'

అమ్మ పోయిన రోజు సంగతి. మొహానికి గొట్టాలు, ముసుగు. నోట మాట లేదు. అద్దం తలుపు బయట చుట్టాలంతా నిలబడి, ఒక్క మాటైనా చెప్పకుండా పోతోందమ్మా అని ఏడ్చారు. ఆ మాట మేనకోడలి మనసులో దిగబడిపోయింది. నాతో ఒక్క మాటైనా లేకుండా పోయింది అమ్మ. ఎన్ని పనుల్లో పడ్డా, ఎన్ని జోకులేసినా, అడుగున అది అలాగే ఉంటుంది. లోపల మంచం పక్కన మావయ్యని మాత్రం ఉండనిచ్చారు, మాట్లాడి రోగిని అలిసిపోనివ్వడు కదా అని.

'అక్క ఆ మధ్యాహ్నమంతా మాట్లాడింది,' అన్నాడు మావయ్య. 'దుప్పటి మీద, వేళ్ళతో. మీరంతా అద్దం అవతల మూగవాళ్ళలా నిలబడ్డారు.'

ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

'పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానేమో చూడమంది. డాక్టరు చొక్కా బొత్తం ఊడిందని చెప్పింది. నిన్ను చూపించి, నిలబడి ఏడుస్తోంది, ఏమైనా తిందో లేదో అంది. తర్వాత నీ గురించి ఒకటే మాట అంది. ఇదిగో, ఇలా.'

మావయ్య చెయ్యి కదిలింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళలోంచి ఒక చెయ్యి ఎటో వెళ్ళి, ఏదో చేసి, కిందికి వచ్చింది. చిన్నప్పట్నించీ తెలిసిన మాటల్లో లేదది. అక్కాతమ్ముళ్ళు తమ మధ్యే ఉంచుకున్న పాత మాట అయ్యుండాలి.

మళ్ళీ చెప్పు అనడానికి ఆమె వేళ్ళు ఒడిలోంచి లేచాయి. కానీ మావయ్య చేతులు వణుకుతున్నాయి, చెమట పట్టింది. పక్కనే కెమెరా ఉంది కదా. అంతా అందులో పడింది. కళ్ళు తుడుచుకున్నాక నిదానంగా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోవచ్చు. ఆయన్ని ఎందుకు కష్టపెట్టడం? లేచిన వేళ్ళని ఒడిలోకే దించుకుంది.

అంతా అయ్యాక చూస్తే కెమెరా తెర నల్లగా ఉంది. బ్యాటరీ పొదుపు కోసం దానంతటదే నిద్రపోతుందని కూతురు ముందే చెప్పింది. పాపం, ఇదీ అలిసిపోయింది అనుకుంది. కార్డు తీసి, డబ్బీలో పెట్టి, ఆ డబ్బీని నగల పెట్టెలో పెట్టింది. 'సినిమా ఎప్పుడు?' అని మావయ్య కనిపించినప్పుడల్లా అడిగేవాడు. 'మనవరాలు సెలవులకి రానీ. పెద్ద తెర మీద, అందరం కలిసి.' ఒంటరిగా చూసే ధైర్యం తనకి లేదని మాత్రం చెప్పలేదు. తల్లి చివరి మాటని ఒక్కతే కూర్చుని విప్పుకోలేదామె. ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనే ధీమాతో కొన్నాళ్ళు హాయిగా కూడా ఉంది.

కూతురు వచ్చేసరికి మావయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి అందడం లేదు. చేతులు దుప్పటి మీద పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి.

కార్డుని కూతురి ల్యాప్‌టాప్‌లో పెట్టారు. మావయ్య వచ్చాడు. కాలర్ సర్దుకున్నాడు. చెవి మీద రంగు స్పష్టంగా ఉంది. ఒక్కో వేలూ విడివిడిగా, చెక్కినట్టు. పక్కింటావిడ, మేనకోడలు, పొట్ట మీదికి ప్యాంటు లాక్కోవడం. ఆ ప్యాంటు సగం పైకి రాగానే తెర ఆగిపోయింది.

"తర్వాతది పెట్టవే."

"తర్వాతది లేదమ్మా."

"ఉంటుంది. పొద్దంతా తీశాను."

కూతురు కార్డు బయటికి తీసి తిప్పి చూసింది. "అమ్మా, దీని మీద వి లేదే."

"అంతకంటే పెద్దదే. స్పీడు కూడా రాసుంది."

"అది చదివే స్పీడు. తీసినవాటిని కంప్యూటర్లోకి లాక్కునేటప్పటిది. కెమెరా పంపేది పంపినట్టు రాసుకునే స్పీడు వేరు, అదే వి. నువ్వు చాలా ఎక్కువ బొమ్మలు పెట్టావు, ఇది రాసుకోలేకపోయింది. కాసేపు లాక్కొచ్చి, ఇక చాతకాక ఆపేసుంటుంది. తెర మీద చెబుతుంది కదా, కార్డు నెమ్మదిగా ఉందని. నువ్వు చూడ..."

తల్లి మొహం చూసి అక్కడితో ఆగింది.

చూడలేదు. ఒక్కసారి, రెప్పపాటు పక్కకి చూసి ఉంటే కనిపించేది. ఊళ్ళో ఇంకెవరు తీసినా చూసేవాళ్ళు.

"అయ్యో," అన్నాడు భర్త వెనకనించి. "అంత పొద్దు మాట్లాడితే, చివరికి మిగిలింది నా ప్యాంటా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్‌తో ఆసుపత్రికి వెళ్ళింది. మావయ్య ముక్కు మీద గొట్టం. ఇప్పుడాయనకి మిగిలినవి రెండే మాటలు. అవును అనడానికి ఆమె కళ్ళలోకి చూస్తాడు. కాదు అనడానికి పైకప్పు వైపు చూస్తాడు. ల్యాప్‌టాప్ చూడగానే కళ్ళు వెలిగాయి. సినిమా.

ఉన్నంతవరకూ వేసింది. మావయ్య తన చేతుల్ని తను చూసుకున్నాడు, పెదవి కొస వంకర తిరిగింది. తెర ఆగింది. మిగతాది ఏది అన్నట్టు ఆమె వంక చూశాడు.

మెమరీ కార్డుకి వాళ్ళ భాషలో మాట లేదు. 'ఈ పెట్టె నీ వేగం అందుకోలేక ఆగిపోయింది,' అంది చేతులతో. 'ఎప్పుడో మొదట్లోనే. నాకు తెలియలేదు. నేను నిన్నే చూస్తున్నాను.'

మావయ్య ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు.

'అమ్మ నా గురించి అన్న మాట. సరిగా చూడలేదు మావయ్యా. ఏడుపొచ్చింది. ఇంకొక్కసారి.'

దుప్పటి మీద కుడిచేతి చూపుడువేలు కొద్దిగా కదిలింది. అంతే, అక్కడే ఉండిపోయింది. మెడ నరాలు తేలాయి. చెయ్యి లేవలేదు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చల్లగా, ఏ బరువూ లేకుండా ఉంది. దాన్ని ఎత్తి ఆయన నుదుటికి ఆనించింది. ఇక్కడా? పైకప్పు. చెంపకి ఆనించింది. పైకప్పు. గడ్డం, గొంతు, గుండె. గుండె దగ్గర కచ్చితంగా అవునంటాడనుకుంది. పైకప్పు. భుజం. పైకప్పు. భుజం నుంచి జారుస్తూ ఎడమ మోచేతి లోపలి మడత దగ్గరికి రాగానే మావయ్య చూపు చటుక్కున ఆమె కళ్ళలోకి వచ్చింది.

ఇక్కడ. మోచేతి మడతలో. ఎత్తుకున్నప్పుడు చంటిపిల్ల తల ఆనే చోటు.

చోటు దొరికింది. ఇక అక్కడ చెయ్యి చేసే పని దొరకాలి. ఆయన అరచేతిని అక్కడ అదిమింది. పైకప్పు. నిమిరింది. పైకప్పు. వేళ్ళతో తట్టింది, గుండ్రంగా తిప్పింది, పిడికిలి మూసింది, తెరిచింది. ప్రతిసారీ ఆయన ఓపిగ్గా పైకి చూసి, మళ్ళీ ఆమె ప్రయత్నం కోసం ఎదురుచూశాడు. అమ్మ తనని పసిదంది? బరువంది? మోసి మోసి అలిసిపోయానంది? ఒక్క వేలి తేడాలో ఏదైనా కావచ్చు.

"విజిటింగ్ టైము అయిపోయిందమ్మా," అంది నర్సు తలుపు దగ్గర నిలబడి.

"ఒక్క నిమిషమమ్మా. మాట్లాడుకుంటున్నాం."

నర్సు కదలని మనిషిని, కదిలే ఆమెని చూసి వెళ్ళిపోయింది.

వేళ్ళు రెండు మడిచి చూసింది. ఒకటి చాచి చూసింది. మావయ్య రెప్పలు బరువెక్కాయి. ఆమె కోసమే వాటిని ఇంకొకసారి ఎత్తాడు, పైకప్పు వైపు చూశాడు, తర్వాత నిద్రలోకి జారిపోయాడు.

భర్త వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "పద, పడుకోనీ. ఆ చెయ్యి కింద పెట్టు, నొప్పెడుతుంది ఆయనకి."

ఆమె పెట్టలేదు. దించితే, దొరికిన ఆ చోటు కూడా తప్పిపోతుందేమోనని, మోచేతి మడతలో ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది.